వానలో ఎవరు తడుస్తున్నారు?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. మీరు మియాపూర్‌లో తొమ్మిదో అంతస్తులో ఉంటారు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నల్గొండ జిల్లాలో తాటిచెట్లెక్కి కల్లు గీసి బతికిన మీ తాత గురించి నవల రాస్తున్నారు, 140 పేజీలు అయ్యాయి. చదివిన ముగ్గురు స్నేహితులూ ఒకే మాట అన్నారు: కథ బాగుంది కానీ ప్రకృతి వర్ణనలు వచ్చిన చోటల్లా పేజీ తిప్పేశాం అని. వాటిని తీసెయ్యాలా, లేకపోతే ఒక నెల సెలవు పెట్టి నల్లమలలో ఉండి వస్తే రాత మెరుగవుతుందా అని అడిగారు. చివర్లో ఇంకో వాక్యం ఉంది. సిటీలో పుట్టి పెరిగినవాడికి చెట్టూ పుట్టా గురించి రాసే అర్హత ఉందా అని. ఆ వాక్యం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

నేను నాలుగు నవలలు రాశాను. జంటనగరాల్లో సర్కారు బడుల్లో 31 ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పాను. మీరు ఇప్పుడు ఎక్కడ ఆగిపోయారో 1987లో నేనూ అక్కడే ఆగిపోయాను.

ఆ ఏడాది నా మొదటి నవల రాతప్రతి పట్టుకుని ఒక వారపత్రిక ఆఫీసుకు వెళ్ళాను. మొదటి ఎనిమిది పేజీలూ వానే. మబ్బు పట్టడం, ఉరమడం, మట్టివాసన, చూరునీళ్ళు, అన్నీ ఉన్నాయి. సంపాదకుడు పెద్దాయన. నిలబడే ఎనిమిది పేజీలూ చదివి, కళ్ళజోడు తీసి, "అమ్మా, ఈ వానలో ఎవరు తడుస్తున్నారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఎవరూ తడవడం లేదు. కిటికీ దగ్గర కూర్చుని నేను చూసిన వాన అది.

తిరిగి వస్తుంటే చిలకలగూడ దగ్గర నిజంగానే వాన పట్టుకుంది. బస్టాపు రేకుల కింద పదిమందిమి ఇరుక్కున్నాం. అప్పుడు ఒకామె మరమరాల బస్తాతో పరుగెత్తుకుంటూ వచ్చింది. రేకుల కింద ఇంకొక్కరికే చోటుంది. ఆ చోట్లో బస్తా నిలబెట్టి, తను బయటే ఉండిపోయింది. మరమరాలకు తడి తగిలితే మెత్తబడిపోతాయి, ఇక ఎవరూ కొనరు. జుట్టులోంచి, మోచేతుల మీంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఒక చెయ్యి మాత్రం రేకుల కిందికి చాచి బస్తా మూతి గట్టిగా పట్టుకునే ఉంది. వాన వెలిసేదాకా ఆ చెయ్యి కదల్లేదు.

ఇంటికెళ్ళి ఎనిమిది పేజీలూ చింపేశాను. ఆ స్థానంలో పదకొండు వాక్యాలు రాశాను. నవల అచ్చయ్యాక చాలామంది పాఠకులు వాన బాగా రాశారని ఉత్తరాలు రాశారు. ఆ పదకొండు వాక్యాల్లో మబ్బు గురించి ఉన్నది ఒక్కటే.

కాబట్టి మీకు నేను చెప్పేది ఇదే. కథలోకి ఒక చెట్టు రావాలంటే ఆ చెట్టుతో ఎవరికో పని ఉండాలి. నీడ కావాలి, కట్టె కావాలి, దాక్కోవాలి, లేదా అది అడ్డంగా ఉంది కొట్టెయ్యాలి. ఏ పనీ లేనివాడు చూసిన చెట్టు ఎంత అందంగా రాసినా పటంలాగే ఉంటుంది. పాఠకుడు పటాన్ని ఒక చూపు చూసి ముందుకు పోతాడు. మీ స్నేహితులు చేసింది అదే, వాళ్ళ తప్పేమీ లేదు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. మన ఇళ్ళలో అన్నం తినిపిస్తూ చెప్పే మొదటి కథలోనే ఉంది. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చారు. ఎండబెట్టారు. ఒక చేప ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమేటు అడ్డమొచ్చింది. గడ్డిమేటా ఎందుకు అడ్డమొచ్చావు? ఆవు మెయ్యలేదు. ఆవా ఎందుకు మెయ్యలేదు? పాలేరు మేపలేదు. పాలేరూ ఎందుకు మేపలేదు? అవ్వ అన్నం పెట్టలేదు. అవ్వా ఎందుకు పెట్టలేదు? పిల్లాడు ఏడ్చాడు. పిల్లాడా ఎందుకు ఏడ్చావు? చీమ కుట్టింది. చీమా ఎందుకు కుట్టావు? నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా!

బడిలో ఈ కథను పిల్లలతో ఎన్నిసార్లు చెప్పించానో లెక్కలేదు. రాయడం మొదలుపెట్టిన పదేళ్ళకు గానీ అందులో ఏముందో నాకు కనబడలేదు. కథంతా ఎండ, నీడ, గడ్డి, పశువు, పురుగు. కానీ ఎండ ఎలా ఉందో ఎక్కడా చెప్పరు. ఎండ ఉందని మనకు ఎలా తెలుస్తుంది? ఆరు చేపలు ఎండాయి, ఒకటి ఎండలేదు, అంతే. గడ్డిమేటు ఎంత ఎత్తుందో చెప్పరు, దాని నీడ చేప మీద పడిందని తెలుస్తుంది. ఇక చివర చీమ. ఎవరు ఎవర్ని అడిగినా తప్పు ఇంకొకరి మీదికి తోశారు. చీమ మాత్రం తన ఇంటి గురించి మాట్లాడింది. దానికీ ఒక ఇల్లుంది, ఆ ఇల్లు బంగారం, అందులో ఎవడో వేలు పెట్టాడు. మనిషి పక్కన చీమను కూర్చోబెట్టి దాని మాట కూడా వినిపించిన కథ అది. రెండేళ్ళ పిల్ల నోరు తెరిచి వింటుంది, గోరుముద్ద లోపలికి పోతుంది. నవల రాసేవాళ్ళకు ఇంతకంటే మంచి పాఠం నేను చూడలేదు.

మీ ముసాయిదాలో ఏ వర్ణన దగ్గరైనా ఆగి, ఆ చేపను అడిగినట్టే అడగండి. ఎందుకు వచ్చావు ఇక్కడికి? ఎవరి పని ఆగింది నీ వల్ల, ఎవరి పని జరిగింది? జవాబు వస్తే ఉంచండి. రాకపోతే ఆ పేరా ఎంత ఇష్టమైనా తీసి పక్కన పెట్టండి.

అందం గురించి రాయకూడదనుకునేరు, అది నా మాట కాదు. పని ఉన్నవాళ్ళకే అందం కూడా ఎక్కువ కనిపిస్తుందని నేను నమ్ముతాను. మా గేటు ముందు జరిగింది చెప్తాను.

మేం ఉండేది పద్మారావు నగర్‌లో ఒక సందు. గేటు ముందు పెద్ద కానుగ చెట్టు. దాని కింద పన్నెండేళ్ళుగా ఒకామె ఇస్త్రీ బండి పెట్టుకుంటోంది. చాలాకాలం నేను ఆ చెట్టును రోజూ చూస్తున్నాననే అనుకున్నాను. ఆమెతో మాట్లాడాక తెలిసింది, నేను చూసింది చాలా తక్కువ. పొద్దున ఎనిమిదింటికి బండి గోడవైపు ఉంటుంది. పదకొండుకు నాలుగడుగులు రోడ్డు వైపు జరుపుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక మళ్ళీ మా మెట్ల పక్కకి. నీడ ఎటు జరిగితే బండి అటు. ఎదురుగా ఇస్త్రీ పెట్టెలో బొగ్గుల నిప్పు, నెత్తిన ఎండ కూడా ఉంటే మనిషి నిలబడలేడు. ఆమెకు ఆ నీడ అద్దె లేని షాపు. చక్రాల కింద పెట్టే రాళ్ళకు మూడు చోట్లా గుంటలు పడ్డాయి. గడియారం చూడకుండా బండి ఏ గుంటలో ఉందో చూసి టైము చెప్పొచ్చు.

మాఘం వెళ్ళాక కానుగ ఆకు రాలుస్తుంది. అప్పుడు ఓ రెండు మూడు వారాలు ఆమె ముఖం ముడుచుకుని ఉంటుంది. ఆ తర్వాత కొత్త చిగురు. కానుగ చిగురు మెరుపు మీరు చూసే ఉంటారు, నూనె రాసినట్టు ఉంటుంది. "ఈసారి జల్దీ వచ్చిందమ్మా సిగురు" అని నాతో చెప్పిన రోజున ఆమె గొంతులో ఉన్న సంబరం ఏ కవీ కానుగ మీద రాయలేదు. చిగురుతోపాటే పూత. తెలుపు మీద లేత ఊదా కలిసిన చిన్న పూలు, చెట్టు కింద మరమరాలు పోసినట్టు రాల్తాయి. ఉతికి తెచ్చిన తెల్లచొక్కా మీద పడితే మరక అవుతుందని ఆమె బండి మీద పాత దుప్పటి కడుతుంది. చూడండి, ఒక చెట్టు ఒకే నెలలో ఆమెకు దిగులు, సంబరం, చిరాకు మూడూ ఇచ్చింది.

ఒక ఏప్రిల్‌లో, వానాకాలం రాకముందే తీగలకు తగిలే కొమ్మలు కొట్టేసేందుకు మనుషులు వచ్చారు. అవసరమైన పనే. లేకపోతే మొదటి గాలివానకే సందంతా చీకటి. ఆమె ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి కిందికొచ్చిన కొమ్మల మధ్య నిలబడింది. పైకి చూసి, పడమటివైపు కొమ్మ చూపించి, "గా ఒక్క కొమ్మ ఉంచుండ్రి సారూ, పొద్దుగూకేదాక నాకు గదే నీడ" అంది. పైనున్న కుర్రాడు కొంచెంసేపు ఆలోచించాడు. తీగకు తగిలే చివర మాత్రం కొట్టి, మొదలు వదిలేశాడు. అతను దిగాక ఆమె నీళ్ళ సీసా అందించింది. నా నాలుగో నవల ఆ కొమ్మతోనే మొదలవుతుంది. ఆ చెట్టు నాదని నేననుకున్న పన్నెండేళ్ళలో పడమటి కొమ్మంటూ ఒకటుందని నాకు తెలియదు.

అర్హత గురించి అడిగారు కదా. పుట్టిన ఊరిని బట్టి అర్హత రాదు. పల్లెలో పుట్టి ఏ చెట్టునూ చూడనివాళ్ళు బోలెడుమంది ఉన్నారు. తెలుసుకోవాలన్న ఆరాటం ఉంటే చాలు. కాకపోతే ఒక జాగ్రత్త చెప్పాలి. మన భాషలో రాసేవాళ్ళకు కవిసమయాలు చాలా సులువుగా చేతికి వస్తాయి. చకోరం వెన్నెల తాగుతుంది, హంస పాలనూ నీళ్ళనూ వేరు చేస్తుంది, కోయిల మావిచిగురు తిని పాడుతుంది. పద్యంలో వాటి చోటు వాటిది, నేను ఏళ్ళ తరబడి క్లాసులో ఇష్టంగా చెప్పాను. నవలలో మాత్రం అవి కళ్ళకు గంతలు కడతాయి. నా తొలి కథల్లో ఒకదాంట్లో ఆడకోయిల తోడు కోసం కూస్తుంది. ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు పోస్టుకార్డు రాశారు: "అమ్మా, కుహూ అని కూసేది మగ కోయిల. ఆడది నల్లగా ఉండదు, ఒంటినిండా మచ్చలు, కిక్ కిక్ అని అరుస్తుంది. ఈ ఎండాకాలం కాకిగూడు దగ్గర నిలబడి చూడండి."

చూశాను. మా వెనక వీధి వేపచెట్టు మీద కాకిగూడు ఉండేది, సగం పుల్లలు, సగం ఇనప తీగముక్కలు. నల్ల కోయిల గూడు దగ్గరికి వచ్చి గోల చేసేది. కాకులు రెండూ దాన్ని తరుముకుంటూ పోయేవి. ఆ సందులో మచ్చల కోయిల ఆకుల చాటు నుంచి గూట్లోకి దూరేది. జూన్ చివర్లో ఒక కాకి తన పిల్ల కాని పిల్లకు నోట్లో మేత పెట్టడం చూశాను. ఆ పిల్ల రెక్కలు వణికిస్తూ అడుగుతోంది, కాకి పెడుతూనే ఉంది. ఎంతసేపు చూశానో నాకు తెలియదు. కోయిలలు తినేది ముఖ్యంగా రావి, మర్రి లాంటి చెట్ల పళ్ళు. మావిచిగురు మీద కూర్చున్న పాటగత్తెతో నేను ఒక్క వాక్యం రాయగలిగాను. ఆ కాకి నాకు ఒక నవలలో మొత్తం ఒక పాత్రను ఇచ్చింది, అక్క పిల్లల్ని పెంచే ఒక పిన్నిని. అసలు సంగతి తెలుసుకుంటే కథకు ఎప్పుడూ లాభమే.

ఇక చరిత్ర, పరిశోధన. మీ నవలలో కథ 1950ల నాటిది కాబట్టి ఈ బాధ మీకూ వస్తుంది. నా మూడో నవల 1908 మూసీ వరద మీద. ఆ ఏడాది సెప్టెంబరు 28న వచ్చిన వరదలో సుమారు 15,000 మంది పోయారని అంచనా. దాని తర్వాతే నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. గండిపేట అని మనం పిలిచే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇవన్నీ నేను అఫ్జల్‌గంజ్‌లో ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని రాసుకున్నాను. మూడు నెలలు వెళ్ళాను. నోటుబుక్కులు నిండాయి, నవల మాత్రం కదల్లేదు. ఎన్ని గజాల ఎత్తు నీళ్ళు, ఏ వంతెన కొట్టుకుపోయింది, ఎన్ని ఇళ్ళు కూలాయి, అన్నీ నా దగ్గర ఉన్నాయి. తడిసే మనిషి లేడు. మళ్ళీ అదే ఎనిమిది పేజీల వాన.

ఆ వరదలో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని నోట్సులో ఎప్పుడో రాసుకున్నాను. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. లైబ్రరీ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. మూడు నెలలు దాని గురించి చదివాను గానీ వెళ్ళి చూద్దామని తోచలేదు. ఒకరోజు మధ్యాహ్నం లైబ్రరీలో కరెంటు పోయింది, అలా వెళ్ళాను. రోగుల బంధువులు దాని నీడలో టిఫిన్ డబ్బాలు తెరుచుకుని కూర్చున్నారు. చెట్టు బెరడు మీద చెయ్యి పెట్టాను. పగిలిన నల్లరేగడి నేలలా ఉంది, వేళ్ళు పగుళ్ళలోకి పోయాయి. పట్టు దొరికింది. ఒక్కసారిగా ఒళ్ళు జలదరించింది. ఆ రోజు పట్టుకున్నవాళ్ళ వేళ్ళూ ఇలాగే పోయి ఉంటాయి కదా అనిపించింది.

ఇంటికి వస్తూ మాంసం దుకాణం ముందు ఆగాను. అక్కడ మాంసం కొట్టే మొద్దు చింత మొద్దే. రోజూ వందల దెబ్బలు తిన్నా అది పగలదు. దుకాణం అతన్ని అడిగితే "వేరే కట్టె అయితే పెళ్ళలు లేచి మాంసానికి అంటుకుంటది" అన్నాడు. ఇప్పుడు ఆలోచించండి. ఆ రోజు అక్కడ మునగచెట్టు ఉంటే? మునగకొమ్మ పటుక్కున విరుగుతుంది. అందుకే కదా ఒకర్ని పొగిడి పైకి లేపి పడేస్తే మునగచెట్టు ఎక్కించాడంటాం. చింతచెట్టు గట్టి కట్టె, లోతు వేళ్ళు. 150 మంది బరువు మోసింది. నా నవలలో ఒక కట్టెలమ్మే మనిషి పుట్టాడు. నీళ్ళు వస్తుంటే అందరూ దగ్గరున్న చెట్టువైపు పరుగెడతారు. అతను మాత్రం తన కూతుర్ని భుజాన వేసుకుని, నడుంలోతు నీళ్ళలో ఇంకో ఇరవై అడుగులు ముందుకు, చింతచెట్టు దాకా పోతాడు. ఎందుకంటే ఏ కట్టె ఎంత బరువు ఆపుతుందో అతనికి తెలుసు. మూడు నెలల నోట్సులో నవలకు పనికొచ్చింది అందులో పదో వంతు. కానీ ఆ మూడు నెలలు చదవకపోతే ఆ చెట్టు దగ్గరికి వెళ్ళేదాన్నే కాదు. కాబట్టి చదవండి, చదివాక వెళ్ళి ముట్టుకోండి.

మీరు నల్గొండ బస్సు ఎక్కే చోటు పేరు ఇమ్లీబన్. చింతవనం అని అర్థం. ఎన్నిసార్లు అన్నారో ఆ మాట, ఎప్పుడైనా చింతలు కనబడ్డాయా? నింబోలి అడ్డ వేపకాయల పేరు మోస్తోంది. జాంబాగ్ జామతోట. మాసబ్ ట్యాంకులో ట్యాంకు లేదు. గచ్చిబౌలిలో బౌలి అంటే బావి. ఈ ఊళ్ళో పేర్ల కింద చెట్లూ నీళ్ళూ పూడిపోయి ఉన్నాయి, తవ్వుకోవడం మీ పని. మీ ఆఫీసు నిలబడిన రాయి సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు. బండకు పగుళ్ళు వస్తాయి. పగుళ్ళలోకి నీరు దిగి నేలలోపలే అంచులు కరిగి గుండ్రమవుతాయి. పైమట్టి కొట్టుకుపోయాక ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గుండ్లు బయటపడతాయి. అలాంటిది చూడాలంటే సెంట్రల్ యూనివర్సిటీలో పుట్టగొడుగు రాయి ఉంది, వెళ్ళి చూడండి. మీ పక్క సైట్లో సెల్లార్ కోసం పేల్చుతున్నది కూడా ఆ రాయే. పేల్చేముందు ఈల వేస్తారు, పని ఆపి అందరూ దూరంగా జరుగుతారు. ఆ ఈలకూ పేలుడుకూ మధ్య నిశ్శబ్దంలో టీ కొట్టు మనిషి గ్లాసుల మీద పళ్ళెం బోర్లిస్తాడు. ఇది ప్రకృతి గురించి రాయడం కాదా?

నల్లమల సంగతి. వెళ్ళండి, మంచి గాలి, మనసుకు హాయి. నవల కోసమని మాత్రం సెలవు పెట్టకండి. నేను ఒకసారి వెళ్ళి ఇరవై పేజీలు రాసుకొచ్చాను, ఒక్కటీ వాడలేదు. అక్కడ నేను చుట్టాన్ని. నాకు అక్కడ ఏ పనీ లేదు, కాబట్టి అందమే కనిపించింది. మీ తాత ఊళ్ళో నాలుగు ఆదివారాలు ఉంటే అంతకు పదింతలు దొరుకుతుంది.

రోజువారీ అలవాటు ఒకటి చెప్తాను, ఇది నాకు చాలా పనిచేసింది. తేదీలతో కాకుండా కార్తెలతో ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు, పధ్నాలుగు రోజులు. పంచాంగంలో ఉంటాయి. ఒక్కో కార్తెకు ఒక పేజీ, అంతే. మీ బాల్కనీ, మీ సందు, మీ బస్టాపు దాటి పోనక్కర్లేదు. రోహిణిలో రోళ్ళు పగిలే ఎండలో మీ వాచ్‌మన్ మంచం ఎక్కడ వేసుకున్నాడు. జూన్ రెండో వారంలో మృగశిర వచ్చిన రోజు చేపల మార్కెట్లో కొర్రమీను ధర ఎంతకు పోయింది, మీ ఎదురింటివాళ్ళు ఎంత బేరమాడారు. ఆరుద్రలో ఖాళీ ప్లాటు తడినేల మీద ఎర్ర మఖ్మల్ లాంటి ఆరుద్ర పురుగులు కనబడ్డాయా, లేదా ఆ ప్లాటులోనూ కాంక్రీటు పోశారా. దసరాకు ముందు గునుగు, తంగేడు అమ్మేవాళ్ళు ఏ ఊరి నుంచి ఏ ఆటోలో వచ్చారు. తేదీతో రాస్తే డైరీ అవుతుంది, అందులో మీరే ఉంటారు. కార్తెతో రాస్తే రైతు, గొల్ల, గౌడ, జాలరి అందరూ వచ్చి కూర్చుంటారు, ఎందుకంటే ఆ లెక్క పెట్టుకున్నది వాళ్ళ పనుల కోసం. మీ తాత కూడా కార్తెల్లోనే బతికి ఉంటాడు. ఆయన కాలాన్ని మీరు ఆయన లెక్కలో రాయాలి.

టైము దొరకడం లేదన్నారు. నాకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, మంచంలో అత్తగారు. పొద్దున నాలుగున్నర నుంచి ఆరింటిదాకా రాసేదాన్ని, పాలప్యాకెట్టు గేటుకు తగిలిన చప్పుడుతో ఆపేసేదాన్ని. రోజుకు ఒక పేజీ. దీని గురించి అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

రాసింది ఎవరికైనా గట్టిగా చదివి వినిపించండి. చదవమని పీడీఎఫ్ పంపడం వేరు. మన దగ్గర కథ చెప్పేవాళ్ళు ఊఁ కొట్టమంటారు. ఊఁ ఆగితే పిల్ల నిద్రపోయినట్టు. మీ అమ్మగారిని కూర్చోబెట్టి చదవండి, ఆమె ఊఁ ఎక్కడ ఆగిందో మార్జిన్‌లో గీత పెట్టండి. నా నవలలన్నిటికీ మా అత్తగారే మొదటి శ్రోత. ఆమెకు చదువు రాదు. చింతచెట్టు ఘట్టం దగ్గర ఊఁ కొట్టడం ఆపేశారు. నిద్రపోయారనుకుని చూస్తే రెండు చేతులతో మంచం పట్టె పట్టుకుని ఉన్నారు.

చివరగా మీరు పంపిన పేజీ. "ఎండాకాలపు గాలివానలో తాటిచెట్లు జడలు విరబోసుకున్న మునుల్లా ఊగుతున్నాయి. మెరుపులు ఆకాశానికి వెండి జరీ కుడుతున్నాయి" అని మొదలై పన్నెండు వాక్యాలు నడిచింది. మాటల మీద మీకు ప్రేమ ఉంది, అది తెలుస్తోంది. కానీ అదే పేజీలో మీ తాత ఎక్కడున్నాడు? గుడిసెలో, "వాన చూస్తూ" కూర్చున్నాడు. నేను నమ్మలేకపోయాను. తాటిచెట్టు గెల కొసను పూటపూటా గీయాలి, గీయకపోతే కల్లు ఊరడం ఆగిపోతుంది. చెట్టు తడిస్తే జారుతుంది. కల్లు పట్టే కుండల్లో, లొట్లలో, వాననీళ్ళు పడితే కల్లు పాడవుతుంది. గాలికి లొట్టి రాలితే ఆ రోజు కూలి మట్టిపాలు. అలాంటి మనిషి గాలివానను చూస్తూ ఊరికే కూర్చుంటాడా? ఆయన చెవులు తాటివనం వైపే ఉంటాయి, ఏ చెట్టు మీద లొట్టి పగిలిందో చప్పుడును బట్టి లెక్కపెడుతూ ఉంటాడు. వాన తగ్గగానే ఎక్కాలా, చెట్టు ఆరేదాకా ఆగాలా? ఎక్కితే ప్రాణానికి ముప్పు, ఆగితే రేపటి కల్లుకు. మీ నవల మొత్తం ఆ ఒక్క గంటలో ఉందని నాకు అనిపిస్తోంది. మీ తాత ఎక్కుతాడా లేదా నేను చెప్పను, అది మీరు తేల్చాలి.

మునులను, జరీని తీసేయండి. మిగతా 139 పేజీల జోలికి ఇప్పుడే పోవద్దు, ఈ ఒక్క పేజీ తిరగరాయండి. రాసేముందు మీ అమ్మకు ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడగండి: వానకు తడిసిన రోజున తాత తను చెట్టెక్కే మోకును ఇంట్లో ఎక్కడ ఆరేసేవాడు?